తడిగోడ, పొడిగోడ

టల్లా బెండ్, మిసిసిపీ
మార్చి 3, 1969

జైలు పొలం సూపరింటెండెంటు గారికి,

నా పేరు కీజియా మేబ్రీ. వయసు డెబ్బై ఆరు. నది కరకట్ట కింద, చర్చికి ఇవతల రెండో ఇల్లు మాది. ఇంట్లో ఉండేది నేనూ, నా చెల్లెలు ఫ్రోనీ. దానికి చూపు లేదు, నాకు అక్షరం లేదు. ఇద్దరం కలిసి ఒక మనిషి పని చేసుకుంటాం. అరవై ఏళ్ళు ఊళ్ళో వాళ్ళ బట్టలు ఉతికాను. నేను చెబుతుంటే రాస్తున్నది ఓజెల్లా క్రంప్. బడిలో వంటమనిషి, ఎనిమిదో తరగతి దాకా చదివింది. నా మాటకి సున్నం కొట్టి రాస్తే ఒప్పుకోనని ముందే చెప్పాను. బైబిలు మీద చెయ్యి వేసి చెబుతున్నాను, రాసుకోండి.

మీ నాలుగో క్యాంపులో ఉన్న థాడియస్ మేబ్రీ నా కొడుకు కొడుకు. తల్లీ తండ్రీ పోతే నా చేతుల్లోనే పెరిగాడు. వాడికిప్పుడు ఇరవై ఏడు. నాలుగేళ్ళ కిందట పత్తి జిన్ను దగ్గర కాపలావాడు నన్ను మెట్ల మీంచి తోశాడు. థాడ్ వాడి దవడ విరగ్గొట్టాడు. థాడ్‌కి ఎనిమిదేళ్ళు వేశారు, తోసినవాడికి ఏమీ వెయ్యలేదు. ఇవాళ దాని గురించి అడగడానికి రాయించడం లేదు.

జైలుకి రాకముందు వాడు కరకట్ట సర్వే వాళ్ళ వెంట కొలత గొలుసు పట్టుకుని తిరిగేవాడు. నదికి ఇవతల నించుని అవతలి గట్టు ఎంత దూరమో, దాటకుండానే, ఒట్టి కోణాలు కొలిచి చెప్పెయ్యడం చూశాడు. అప్పుడు పట్టుకుంది వాడికి ఈ పిచ్చి. మీరు ఒప్పుకుంటేనే ఒక కాలేజీ వాళ్ళు పోస్టులో పాఠాలు పంపుతున్నారు. త్రికోణమితి అయిపోయింది. సమాకలనం సగంలో ఉంది. నేర్చుకున్నది గుర్తుండాలంటే ఇంకొకరికి నేర్పాలట. మీ క్యాంపులో వినేవాళ్ళు లేరు. అందుకని పాఠం పాఠానికీ నాకొక ఉత్తరం రాశాడు. చదివేది ఓజెల్లా, వినేది నేను. పది ఉత్తరాలు వచ్చాయి. పదీ పందికొవ్వు డబ్బాలో ఉన్నాయి, వచ్చి చూసుకోండి.

జనవరి నుంచి ఉత్తరం లేదు. ఫిబ్రవరి మొదటి ఆదివారం రెండు బస్సులు మారి మీ గేటు దగ్గరికి వచ్చాను. అక్కడున్నవాడు, "నీ మనవడు చీకటి గదిలో ఉన్నాడే ముసలమ్మా. రహస్య భాషలో ఉత్తరాలు రాశాడు. పారిపోయే ఎత్తు" అన్నాడు.

"ఎవరికి రాశాడు?" అన్నాను.

"నీకే."

"నా పేరే నాకు చదవడం రాదు. నేనెక్కడ చదువుతాను నాయనా, రహస్య భాష?"

"అందుకే మరీ అనుమానం" అని నవ్వాడు. పళ్ళు మంచివే, ఉన్నంతవరకూ.

(ఈ చివరి మాట రాయొద్దన్నాను. ఓజెల్లా రాసేసింది. ఉండనీ.)

అయ్యా, ఆ గీతలు ఏమిటో నేను చెబుతాను. పొడుగ్గా వంకర తిరిగిన గుర్తు ఉంటుందే, మాంసం వేలాడదీసే కొక్కెంలాగ, అది సమాకలనం. ఒకటి ఎంత వేగంగా మారుతోందో చెబితే, దాన్నిబట్టి వెనక్కి నడిచి మొత్తం ఎంతో చెప్పడం. వెనక్కి నడిచేవాడికి మొదట్లో ఎంత ఉండేదో తెలియదు. అందుకని చివర 'సి' అని ఒక అక్షరం రాయాలి. గుర్రపు నాడా పక్కకి పడుకున్నట్టు ఉంటుందట. "సి ఏదీ నాయనమ్మా?" అని ప్రతి ఉత్తరంలోనూ వెక్కిరిస్తాడు.

ఇంకా కావాలా? చెయ్యి చాపండి. ఐదు వేళ్ళకి సున్నా, ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఒక్కొక్కదానికీ వర్గమూలం తీసి సగం చెయ్యండి. సున్నా డిగ్రీలు, ముప్పై, నలభై ఐదు, అరవై, తొంభై, వీటి సైన్‌లు వచ్చేశాయి. చిటికెనవేలి నుంచి వెనక్కి వస్తే కాస్‌లు. సైన్ వర్గం, కాస్ వర్గం కలిస్తే ఎప్పుడూ ఒకటి. రెండు పదాలు గుణించుకుని కొక్కేనికి వేలాడుతుంటే: మొదటిది ఉంచు, రెండోదాన్ని సమాకలనం చెయ్యి, అందులోంచి తీసెయ్యి, మొదటిదాని అవకలనం, రెండోదాని సమాకలనం, ఆ రెండింటి లబ్ధానికి మళ్ళీ కొక్కెం. ఏది మొదటిది? అవకలనం చేస్తే చిన్నబోయేది.

ఇందులో పారిపోయే దారి ఎక్కడుందో చూపించండి, నేనూ చూస్తాను.

నేను ఒకసారి విన్నది మరవను. ఏ ఇంటి దుప్పటి ఏ మూల చిరిగిందో నలభై ఏళ్ళ కిందటిది అడగండి, చెబుతాను. ఏ ఉత్తరమూ రెండోసారి చదవమని ఓజెల్లాని ఏనాడూ అడగలేదు, ఆవిడే సాక్ష్యం. కనక నన్ను పిలిపించండి. పది పాఠాలూ మీ ముందు వరసగా ఒప్పజెబుతాను. ఈలోపు వాణ్ణి ఆ గదిలోంచి బయటికి తియ్యండి.

కీజియా మేబ్రీ గుర్తు: X
సాక్షులు: ఓజెల్లా క్రంప్; డీకన్ ఎలైజా బెల్


జైలు పొలం కార్యాలయం
మార్చి 19, 1969

కీజియా మేబ్రీకి,

మీ అర్జీ అందినది. జనవరి తనిఖీలో ఖైదీ థాడియస్ మేబ్రీ వద్ద దొరికిన నోటుపుస్తకంలో మీకు పంపిన పది ఉత్తరాల నకళ్ళు ఉన్నవి. అక్టోబరు నాటి ఎనిమిదవ ఉత్తరంలోను, డిసెంబరు నాటి పదవ ఉత్తరంలోను ఒకే లెక్క ఉన్నది: సైన్ ఎక్స్, కాస్ ఎక్స్ లబ్ధానికి సమాకలనం. మొదటిసారి జవాబు సైన్ వర్గంలో సగం. రెండవసారి జవాబు రుణ గుర్తుతో కాస్ వర్గంలో సగం. లెక్కకు జవాబు ఒక్కటే ఉండును. రెండు ఉన్నచో అది లెక్క కాదు, సంకేతము.

విచారణలో ఈ రెండును ఎట్లు సరియగునో చూపమని ఖైదీకి ఇరవై నిమిషాలు సమయమిచ్చితిమి. ఏమియు వ్రాయలేదు. ఒకే లెక్క రెండుసార్లు ఎందుకు పంపితివి, ఎవరు అడిగిరి అన్న ప్రశ్నకు నోరు మెదపలేదు. కావున సత్ప్రవర్తనకు లభించిన పద్దెనిమిది నెలల తగ్గింపు రద్దు చేయడమైనది. పుస్తకము, పాఠములు నిలుపుదల చేయడమైనవి. ఇకపై ఉత్తరములలో అంకెలు, గుర్తులు ఉండరాదు.

ఆ గుర్తులు పంపమని బయటివారెవరైన కోరినట్లు తేలినచో, వారి పేరు ఉత్తరముల జాబితా నుండియు, ములాఖాతుల జాబితా నుండియు శాశ్వతముగా తొలగింపబడును. మీరు హాజరు కానవసరము లేదు.

సూపరింటెండెంటు తరఫున


నాలుగో క్యాంపు
ఏప్రిల్ 6, 1969

నాయనమ్మా,

బాగున్నాను. నన్ను మళ్ళీ బ్యారక్‌కి మార్చి మూడు వారాలైంది. మొదట్లో వెలుతురు పడలేదు, ఇప్పుడు ఫర్వాలేదు. పొలంలో పత్తి గింజ వేస్తున్నాం. ఎడమ చెయ్యి కాస్త సరిగా మడతపడటం లేదు. పడ్డాను.

పాఠాలు ఆపేశాను. పుస్తకం తీసుకున్నారు, తీసుకోకపోయినా నేను చేసేది ఏమీ లేదు. విచారణలో బల్ల మీద నా కాగితాలు రెండు పెట్టారు. నా చేతిరాతే, గుర్తుపట్టాను. ఏం రాశానో మాత్రం తెలియలేదు. పక్కింటివాళ్ళ ఉత్తరం పొరపాటున చేతికొచ్చినట్టు చూస్తూ కూచున్నాను. నువ్వు వేళ్ళ మీద చెప్పేదానివే, అందులో ముప్పైకి ఎంతో కూడా తట్టలేదు. వేళ్ళు చూసుకున్నాను. వేళ్ళే కనిపించాయి.

అంచేత ఇక దాని గురించి రాయకు. అంకెలుంటే ఉత్తరం ఇవ్వరు కూడా. బట్టల గురించి రాయి, ఫ్రోనీ చిన్న నాయనమ్మ గురించి రాయి. ఇప్పటికీ ఉప్పనుకుని చక్కెర వేస్తోందా?

ఆఫీసుకి ఇక అర్జీలు పెట్టకు. నువ్వు ఏదీ మరవవని అందరికీ తెలుసు. అయినా కొన్ని సంగతులు మరిచిపోతే నాకు మంచిది. నీ ఉత్తరం నెలనెలా వస్తే చాలు. మిగతా నెలలు ఎన్నైనా కూచుంటాను.

నీ
థాడ్


టల్లా బెండ్
ఏప్రిల్ 20, 1969

ఒరే థాడ్,

"పడ్డాను" అని రాశావు. నీకు నడక నేర్పింది నేను. నువ్వు పడే రకం కాదు. పడేసిన వాడి పేరు నేను అడగను, నువ్వు చెప్పకు. ఆ చేతికి రోజూ పొద్దున వేడినీళ్ళలో ఉప్పు వేసి కాపడం పెట్టు. ఉప్పే వెయ్యి, ఫ్రోనీ చేతికి ఇవ్వకు.

నీ నోటికి తాళం ఎందుకు పడిందో నాకు తెలుసు. ఆఫీసు కాగితం ఓజెల్లా చదివినప్పుడే తెలిసింది. ఇక్కడ ఆ మాట ఎత్తను. కానీ నన్ను మరిచిపొమ్మనడానికి నువ్వెవడివిరా? నీ ముడ్డి కడిగిన చేతులివి.

బట్టల గురించి రాయమన్నావు. రాస్తాను, జాగ్రత్తగా చదువు. తీగ మీద ఐదు చోట్ల చొక్కాలు ఆరేశాను. మొదటి చోట చొక్కా లేదు, ఒట్టి పిన్ను. రెండో చోట సరిగ్గా సగం చొక్కా. మూడోది అంతకంటే కాస్త నయం. నాలుగోది ఇంచుమించు చొక్కా అనొచ్చు. ఐదోది నిండు చొక్కా. ఎడమ నుంచి నడిస్తే నిండుతూ వస్తాయి. కుడి నుంచి నడిస్తే ఒట్టిపోతూ వస్తాయి. ముప్పైకి సగం చొక్కారా. అది మరిచావంటే సిగ్గుచేటు. రోజూ బ్యారక్‌లో నీ తీగ చూసినప్పుడల్లా వీటిని లెక్కపెట్టుకో.

ఇంకో సంగతి. నీకు ఎప్పుడూ చెప్పలేదు, చెప్పేదీ కాదు. ఆ పెద్ద వరద వచ్చిన ఏడు మీ తాతయ్యా నేనూ పిల్లలతో అటక మీద ఐదు రోజులు ఉన్నాం. మా గోడకి అడ్డపలకలు పద్దెనిమిది. మీ తాతయ్య ఐజమ్ నిచ్చెన మీద వేలాడుతూ నేల నుంచి పైకి లెక్కపెట్టేవాడు, ఎన్ని పలకలు మునిగాయో. నేను అటక మీంచి కిందికి లెక్కపెట్టేదాన్ని, ఎన్ని పలకలు పొడిగా ఉన్నాయో. "పలక ఎక్కింది కీజీ" అనేవాడు. "పలక తగ్గింది" అనేదాన్ని. తిట్టుకున్నాం కూడా. ఆయనకి పదకొండు, నాకు ఏడు. ఆయనకి పద్నాలుగు, నాకు నాలుగు. ఒకే వరద, ఒకే గోడ, రెండు లెక్కలు. ఎవరి లెక్క తప్పు? ఎవరిదీ కాదు. తడీ పొడీ కలిస్తే ఎప్పుడూ ఒక్కటే గోడ. నీళ్ళు ఎంత ఎక్కితే పొడి అంత తగ్గింది, ఎక్కడమూ తగ్గడమూ పలక తేడా లేదు. లెక్క మొదలుపెట్టిన చోటే వేరు. ఆయన నేల మీద మొదలుపెట్టాడు, నేను చూరు దగ్గర.

పొడి నాలుగు పలకలున్నప్పుడు మీ చిన్న మేనత్త రోసెట్టా దగ్గుతూ దగ్గుతూ పోయింది. పదకొండు నెలలది. అప్పటి నుంచి నేను లెక్క ఆపేశాను. ఆయన ఆపలేదు. ఎందుకు ఆపవని కొట్టబోతే, "నేను ఆపితే నీళ్ళు ఆగవు కీజీ. లెక్క ఉంటే నీళ్ళు తీసిన రోజు తెలుస్తుంది" అన్నాడు.

గోడ గురించి ఆలోచించు. తడి ఎవరో పొడి ఎవరో నీకు తెలుసు. రెండూ కలిస్తే ఒకటయ్యేవాళ్ళు వాళ్ళిద్దరే కదా.

లెక్క ఆపకు.

నాయనమ్మ గుర్తు: X
(రాసింది ఓజెల్లా. నాకు చొక్కాల సంగతి అర్థమైంది థాడ్, వరద సంగతి ఇంకా ఆలోచిస్తున్నాను.)


నాలుగో క్యాంపు
మే 11, 1969

నాయనమ్మా, నాయనమ్మా,

గోడ తెలిసింది.

ఉత్తరం పన్నెండు రోజులు జేబులో పెట్టుకు తిరిగాను. చొక్కాలు మూడో రోజుకే వచ్చేశాయి. మధ్య చొక్కా దగ్గర ఎడమ నుంచి వచ్చినవాడూ కుడి నుంచి వచ్చినవాడూ ఎదురుపడతారు, ఇద్దరి చేతుల్లోనూ సమానం. అది గుర్తొచ్చి పొలంలో గట్టిగా నవ్వాను. కావలివాడు గుర్రం మీంచి "ఏరా, ఏం దొరికింది?" అన్నాడు. "చొక్కా" అన్నాను. పిచ్చెక్కిందనుకుని వదిలేశాడు.

గోడ మాత్రం రాలేదు. నిన్న నీళ్ళబిందె నింపుతుంటే వచ్చింది. నీళ్ళు పైకి, ఖాళీ కిందికి. తాతయ్య లెక్కలో సగం తీసుకో. నీ లెక్కలో సగం తీసుకుని తిరగెయ్యి. రెండింటికీ మధ్య ఎప్పుడూ అరగోడ తేడా, ఏ రోజు చూసినా అరగోడే. ఆ అరగోడని చివర్న ఒక అక్షరం మింగేస్తుంది. ఏ అక్షరమో నువ్వే వెక్కిరించు.

ఇరవై నిమిషాల్లో రావలసింది రెండు నెలలకి వచ్చింది.

ఆ గదిలో మొదట్లో రోజుకొక పాఠం పైకి చెప్పుకునేవాణ్ణి. అక్కడ రోజు అంటే రొట్టె ముక్క తోసినప్పుడు. ముందు పొడుగు పాఠాలు జారిపోయాయి. తరవాత పొట్టివి. చివరికి నువ్వు ఒప్పజెబుతున్నట్టు నీ గొంతు ఒక్కటే మిగిలింది, మాటలు లేకుండా, దూరంగా బట్టలుతికే తొట్టి దగ్గర ఎవరో పాడుకుంటున్నట్టు. దాన్ని మాత్రం పోనివ్వలేదు.

నీ ఉత్తరాలు లేకపోతే ఈసారి అదీ ఉండదు. అందుకే చెబుతున్నాను, ఇంకేమీ చెయ్యకు. వాళ్ళు అడిగినదానికి నేను జవాబివ్వలేదు, ఇవ్వను. పద్దెనిమిది నెలలు పెద్ద లెక్క కాదు. నువ్వు ఎప్పుడూ ఏదీ మరవలేదు, అంతే. ఊళ్ళో అందరూ అదే అనుకోవాలి, ఓజెల్లా అత్తతో సహా.

నీ
థాడ్


టల్లా బెండ్
జూన్ 9, 1969

జైలు పొలం సూపరింటెండెంటు గారికి,

నేను కీజియా మేబ్రీని. మార్చిలో మీకు ఒక కాగితం పంపాను. అందులో ఒక అబద్ధం ఉంది. బైబిలు మీద చెయ్యి వేసి ఆడిన అబద్ధం. దాన్ని దిద్దడానికి ఇది రాయిస్తున్నాను.

ముందు లెక్క సంగతి. మీరు ఒక లెక్కకి ఒక్కటే జవాబన్నారు. ఆ పాఠాలు పంపే కాలేజీలో ఫెంటన్ అని ఒక మేష్టరున్నాడు. ఆయనకి ఎనిమిదో ఉత్తరం, పదో ఉత్తరం నకలు తీసి ఓజెల్లా పంపింది. ఆయన రాసింది ఇది: "రెండు జవాబులూ సరైనవే. రెండింటికీ తేడా ఎప్పుడూ సగం. ఆ సగం చివర రాసే సి లో కలిసిపోతుంది. ఏటా నా విద్యార్థుల్లో సగంమంది ఆ సి రాయడం మరుస్తారు. ఇతను ఏ కాగితంలోనూ మరవలేదు." ఆయన సంతకంతో ఉన్న కాగితం దీనికి గుచ్చాం. పిన్ను ఊడితే వెతకండి, మా దగ్గర ఇంకో నకలుంది.

కాలేజీ మాట నచ్చకపోతే మీ గోడ చూసుకోండి. వరదొచ్చినప్పుడు మునిగిన పలకలు లెక్కపెట్టినా, పొడి పలకలు లెక్కపెట్టినా ఒకే వరద. ఈ సంగతి ఏప్రిల్‌లో వాడికి రాశాను. మీ వాళ్ళు చదివే ఇచ్చారు.

ఇక రెండో ప్రశ్న. ఒకే లెక్క రెండుసార్లు ఎందుకు పంపాడు, ఎవరు అడిగారు?

నేను అడిగాను.

ఓజెల్లా కలం ఆపింది. నా మొహంలోకి చూస్తోంది. "రాయవే, చేతికేం రోగం?" అన్నాను. "ఎప్పుడు అడిగావు? నేను చదివిందేగా?" అంటోంది. రాయి, ఓజెల్లా, అదీ రాయి.

నవంబరు మొదటి ఆదివారం ములాఖాతుకి వచ్చాను. అంతకు ముందు వారం తొట్టి దగ్గర కూచుని పాఠాలు వరసగా ఒప్పజెప్పుకుంటుంటే ఎనిమిదోది లేదు. ఏడు ఉంది, తొమ్మిది ఉంది. మధ్యలో బట్ట చిరిగినట్టు కన్నం. మూడు రోజులు వెతికాను. జ్వరం లేదు, బాధ లేదు, కారణం ఏదీ లేదు. ముసలిదాన్ని, పోయింది అంతే. డెబ్బై ఆరేళ్ళలో అంత భయం నాకు వరదలో కూడా వెయ్యలేదు.

కాగితం డబ్బాలోనే ఉంది. తీసి ఓజెల్లాతో ఇంకోసారి చదివించుకుంటే అయిపోయేది. అదొక్కటి నా వల్ల కాలేదు. ఈ ఊళ్ళో నాకు చదువు లేదు, పొలం లేదు, మొగుడు లేడు. కీజియాకి చెబితే మరవదు అన్న పేరు ఒక్కటుంది. దాన్ని ఓజెల్లా ముందు పారేసుకోలేకపోయాను. ఇనపజాలీకి నోరు ఆనించి వాడితో అన్నాను, "ఎనిమిదోది మళ్ళీ పంపరా. పోయింది."

"పోస్టులో పోయిందా?" అన్నాడు.

"నాలోంచి పోయింది. ఓజెల్లాకి తెలియకూడదు."

"తెలియదులే నాయనమ్మా. కొత్తది అనుకుంటుంది" అన్నాడు.

అదీ సంగతి. ఉన్నది ఉన్నట్టు మళ్ళీ రాస్తే ఓజెల్లా పట్టేస్తుంది కదా. అందుకని అదే లెక్కని రెండో వైపు నుంచి చేసి, రెండో జవాబు తెచ్చి, "పదో పాఠం" అని పేరు పెట్టి పంపాడు. ముసలిదాని పరువు కోసం. మీకు రెండు జవాబులు దొరికింది అందుకు. పారిపోయే ఎత్తు లేదు, గోడ దూకే సైగ లేదు. ఒక ముసలిది మరిచింది, మరిచానని చెప్పుకోవడానికి సిగ్గుపడింది. మీరు అడిగినప్పుడు వాడు ఎందుకు నోరు మెదపలేదో ఇప్పుడు తెలిసిందిగా. నా పేరు చెబితే జాబితాలోంచి నన్ను కొట్టేస్తారని. నాలుగేళ్ళ కిందట జిన్ను మెట్ల దగ్గరా ఇంతే. నా కోసం చెయ్యెత్తి లోపలికి పోయాడు, నా కోసం నోరు మూసుకుని చీకట్లో కూచున్నాడు. ఇక చాలు.

నేను అడిగేది ఇది. వాడి పద్దెనిమిది నెలలు వాడికి తిరిగి ఇవ్వండి. పుస్తకం, నోటుపుస్తకం ఇవ్వండి. నేరం రాసిన కాగితంలో సంకేతమన్న మాట కొట్టెయ్యండి. మీరు పెట్టిన షరతు నాకు తెలుసు, ఓజెల్లా రెండుసార్లు చదివింది. ఈసారి నేనే అడిగి చదివించుకున్నాను. ఉత్తరాల జాబితాలోంచి, ములాఖాతుల జాబితాలోంచి నా పేరు తీసెయ్యండి. వాడు పద్దెనిమిది నెలలు ముందొస్తే నాకు డెబ్బై ఎనిమిది ఉంటుంది. రాకపోతే ఎనభై. డెబ్బై ఎనిమిది దాకా అయితే ఉంటానేమో. ఉత్తరాలు లేకుండా ఉండటం నేర్చుకుంటాను.

వాడికి ఈ కాగితం చదివి వినిపించరని తెలుసు. ఒక్క మాటైనా చెప్పండి. ఎనిమిదోది మళ్ళీ వచ్చింది, గోడ మీంచి వచ్చింది, ఇక పోదు. తొట్టి దగ్గర రోజూ పదీ పైకి ఒప్పజెబుతున్నాను. వాడు వచ్చేసరికి వాడిలోంచి ఏది పోయినా ఇక్కడ ఉంటుంది.

ఇన్నాళ్ళూ కాగితాల మీద గీత మీద గీత పెట్టాను. అది అక్షరం రాని వాళ్ళందరి గుర్తూ. ఇవాళ ఓజెల్లాని అడిగి, పిండి పళ్ళెంలో వేలితో దిద్ది, ఒక అక్షరం నేర్చుకున్నాను. నాకు తెలిసిన అక్షరం అదొక్కటే. నాడా కాస్త వంకరపోయింది, ఏమనుకోకండి.

కీజియా మేబ్రీ గుర్తు: C

సాక్షులు:
ఓజెల్లా క్రంప్ (ఇది రాసింది నేనే, ఈ సంగతి ఇవాళే తెలిసింది)
డీకన్ ఎలైజా బెల్
చెల్లెలు ఫ్రోనీ, చూపు లేదు, విన్నదానికి సాక్ష్యం: X